ఆదెమ్మ చివరి మాట

1980 సెప్టెంబరు 4, మదనపల్లె

లైబ్రరీకి ఈ రోజు ఒకాయన వచ్చి ‘ఏడో బురుజు’ కావాలన్నాడు. నేను ఇక్కడ పనిలో చేరిన మూడేళ్లలో ఆ నవల అడిగిన మొదటి మనిషి. పుస్తకం వెనక అంటించిన చీటీ మీద పేరూ తేదీలూ అన్నీ నావే. ఆయన చీటీ చూసి, “ఈ ఎలిజబెత్ ఎవురండీ, దోసె తిరగేసినట్టు దీన్నే తిరగేసి తిరగేసి సదివింది?” అన్నాడు. నా వైపు వేలు చూపించుకున్నాను.

పేరు కరుణాకర్. కాలేజీలో తెలుగు ట్యూటరు. వాళ్లది వెంకటగిరికోట దగ్గర పల్లె. మద్రాసు కంపెనీ ఒకటి ఈ నవలను సినిమాగా తీస్తోందట. మాటలు రాసేది గుంటూరు వైపు ఆయన. ఆయనకు మన చిత్తూరు యాస తెలియదు కనుక కరుణాకర్ గారిని సాయానికి పెట్టుకున్నారు.

‘ఏడో బురుజు’ను సినిమాగా తీస్తున్నారు.

ఈ వాక్యాన్ని కాసేపు చూస్తూ కూర్చున్నాను.

సెప్టెంబరు 11

మళ్లీ వచ్చారు. పుస్తకంలో యాస మాటలన్నిటికీ అర్థాలు రాసి, పట్టీ తయారుచేసి ఇవ్వగలనా అని అడిగారు. “నాకు మాటలొస్తాయి మేడం. వాటికి అర్థం రాయమంటే మాత్రం చెయ్యి ఆడదు. మీరైతే కాన్వెంటులో సదివినోళ్లు.”

సరే అన్నాను.

ఇంట్లో చెబితే గ్లోరీ పళ్లెం ముందు నుంచి లేవకుండానే, “మాటలే అడిగినాడా అక్కా, ఇంగేమన్నా అడిగినాడా?” అంది. నాన్న కళ్లజోడు పైనుంచి చూశారు. “ఏమిటా భాష? ఆసుపత్రిలో నేర్చుకున్న భాష ఆసుపత్రిలోనే వదిలేసి రా.” నాన్న కాంపౌండరుగా ముప్పై ఏళ్లు ఈ మిషను ఆసుపత్రిలో పనిచేసినా ఒంగోలు తెలుగూ బైబిలు తెలుగూ తప్ప ఇంకోటి మాట్లాడలేదు, మమ్మల్ని మాట్లాడనివ్వలేదు. గ్లోరీ నర్సయ్యాక తప్పించుకుంది.

సెప్టెంబరు 21

నాలుగు రోజులుగా పట్టీ రాస్తున్నాను. అలా రాస్తుంటే మొదటిసారి చదివిన రోజులు గుర్తొచ్చాయి.

పదో తరగతి. డెస్కు కింద పెట్టుకుని చదివాను. పైన సిస్టరు సెయింట్ ఆగ్నెస్ కథ చెబుతున్నారు, కత్తి ముందు మెడ వంచిన పిల్ల కథ. కింద నా ఒళ్లో పుంగనూరు సీమ. కుంపిణీ సైన్యం కోటను చుట్టుముట్టింది. పాళెగాడు ఓడిపోయాడు. తెల్లవాళ్లు లోపలికి రాకముందే కోటలోని ఆడవాళ్లంతా బావిలో పడి చావాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఏడో బురుజు కావలివాడి పెళ్లాం ఆదెమ్మ. మొగుడు అప్పటికే చచ్చిపోయాడు. ఆమె ఇంటి ముందుకు నౌకరు గంగప్ప వచ్చి, “ఆదెమ్మా ఆడోళ్లంతా బాయికాడికి పొయినారు. పాళెగాని మాట. లేసి రా” అంటాడు. ఆ తరవాత పుస్తకంలో మూడే వాక్యాలు:

ఆదెమ్మ ఇసుర్రాయి ఆపలేదు. తల మాత్రం ఎత్తింది. యాల అంది.

అంతే. పుస్తకం అయిపోతుంది.

వేళయింది అంది. చావు వాకిట్లోకి వస్తే కూడా చేతిలో పని ఆపకుండా, ఏడవకుండా, వేళయింది అంది. ఇంతకన్నా నిండుగా ఎవరైనా చనిపోగలరా? ఆ రోజు ఏడ్చాను. ఆగ్నెస్ కోసం ఏడుస్తున్నాననుకుని సిస్టరు తల నిమిరారు.

అక్టోబరు 2

పట్టీ పూర్తయింది. పధ్నాలుగు కాగితాలు. ప్రతి కాగితమూ మంచి రాతలో రెండోసారి రాశాను. అచ్చుతప్పులు కూడా వేరుగా చూపించాను. ముప్పై ఏడు ఉన్నాయి. ఈ పుస్తకాన్ని పుంగనూరులో ఎవరో చిన్న ప్రెస్సువాళ్లు వేశారు. కామాలు లేవు, ప్రశ్నార్థకాలు అసలే లేవు.

కరుణాకర్ గారు అక్కడే నిలబడి చదివారు. చివరి కాగితం దగ్గర ఆగిపోయారు.

“మేడం, ఈ కడా పేజీలో ‘యాల’ అంటే ఎందుకూ అని కదా? మాయమ్మ దినానికి నూరుసార్లు అంటాది. యాల పోతివి, యాల వస్తివి అని.”

నాకు నవ్వొచ్చింది. “అది ‘ళ’ అండీ. యాళ. వేళ అని. అచ్చుతప్పు. ఆదెమ్మ ఎదురు ప్రశ్న వేసే మనిషి కాదు.”

ఆయన కొంచెంసేపు కాగితం చూశారు. తరవాత నన్ను చూశారు. “మీరు సదివినంత నేను సదవలేదులే” అన్నారు. కాగితాలు మడిచి లోపల పెట్టుకున్నారు.

ఒక మనిషితో ఇంతసేపు, ఇంత ధైర్యంగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన జేబులో రెండు పెన్నులుంటాయి. ఒకటి రాయదు.

నవంబరు 19

రాలేదు.

డిసెంబరు 25

గుడికి వచ్చారు. పలకరించారు. నాన్నతో మాట్లాడారు. నాతో “పట్టీ నకలు మద్రాసుకు పోయింది, మీ కాయితాలు నాకాడే ఉండాయి” అన్నారు. క్రిస్మస్ శుభాకాంక్షలు అనడం ఇద్దరమూ మరచిపోయాం.

1981 ఫిబ్రవరి 8

కుప్పం వెళ్లి షూటింగు చూసి వచ్చాం, నేనూ గ్లోరీ. ఆయనే రమ్మన్నారు.

గుట్ట మీద గోనెపట్టాలతో, సున్నంతో కోట కట్టారు. అటువైపు నుంచి చూస్తే కోట. ఇటువైపు దాన్ని నిలబెట్టిన సర్వి కట్టెలు. ఆదెమ్మ వేషం వేసిన నటి పట్టుచీరలో కుర్చీలో కూర్చుంది. కావలివాడి పెళ్లానికి పట్టుచీర ఏమిటని అడగాలనుకున్నాను. ఎవరిని అడగాలో తెలియలేదు.

కరుణాకర్ గారు కాగితాలు చంకలో పెట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు. డైరెక్టరుకు ఆయన పేరు తెలియదు. “ఏయ్, యాసా! ఇట్రా!” అని పిలిచాడు. ఆయన నవ్వుతూ పరిగెత్తారు. నేను తల తిప్పుకున్నాను. చూడలేదని అనుకున్నారేమో.

మధ్యాహ్నం మాకు ఇడ్లీ తెచ్చి ఇచ్చారు. “ఇది బాగ ఆడితే ఇంగో సినిమాకు కూడా నన్నే పెట్టుకుంటామన్నారు మేడం. మద్రాసులోనే ఉండాల. ట్యూటరు పని ఎన్నాళ్లు, ప్రతి జూన్‌కూ ఉంటాదో పోతాదో అని సూసుకుంటా?” అన్నారు. గ్లోరీ, “మద్రాసు పోతే మమ్మల్ని మర్చిపోతారేమో సార్” అంది. “మీ అక్క రాసిన అచ్చరాలు ఎట్ల మర్చిపోతాను?” అన్నారు.

బస్సులో గ్లోరీ నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉంది.

ఏప్రిల్ 3

రాలేదు.

జూన్ 30

రాలేదు. ఇలా రాయడం మానేయాలి. ఆయన రావాలని ఏముంది?

జూలై 26

కరుణాకర్ గారికి సంబంధం కుదిరిందని గుడిలో అన్నారు. పలమనేరు పిల్ల, పేరు శాంతమ్మ. టీచరు. మంచిదే.

ఆగస్టు 16, పుంగనూరు

సినిమా చూశాం. మదనపల్లెకు రాకముందే చూడాలని పుంగనూరుకు వెళ్లాం. లైబ్రరీలో ఊడ్చే బయ్యమ్మ కూడా వస్తానంది. వాళ్ల పుట్టిల్లు ఇక్కడికి దగ్గర. బస్సు ఆలస్యమై పేర్లు పడడం అయిపోయాక లోపలికి వెళ్లాం.

చదివిన పుస్తకాన్ని పాడుచేస్తారని అనుకున్నాను. ఇంతగా పాడుచేస్తారని అనుకోలేదు.

నవలలో ఆదెమ్మ రెండు వందల పుటల్లో నలభై మాటలు మాట్లాడితే ఎక్కువ. సినిమాలో ఆమె నోరు మూసుకోదు. అది కూడా గుంటూరు తెలుగు. పాళెగాడిదీ అదే తెలుగు. మన మాట మాట్లాడేవాళ్లు ఇద్దరే ఇద్దరు: కోటను తెల్లవాళ్లకు అమ్మేసిన దొంగ, గంగప్ప. గంగప్పను హాస్యగాడు వేశాడు. వాడు “యాడికి పోతాండావ్” అనగానే హాలంతా నవ్వింది. పుంగనూరులో. బస్టాండులో “యాడికి పోతాండావ్” అని అడిగి టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లంతా నవ్వారు. గ్లోరీ కూడా నవ్వింది. తరవాత ఆపుకుంది.

ఇసుర్రాయి ఎక్కడా లేదు. దాని బదులు తులసికోట, దీపం.

చివరి దృశ్యం. గంగప్ప ఏడుస్తూ వస్తాడు. ఆదెమ్మ దీపం ఆర్పి, కెమెరా వైపు తిరిగి, “వేళయింది!” అంటుంది. ఈ మాట మూడుసార్లు. ఒక్కోసారీ ఒక్కో వైపు నుంచి. శంఖం. పాట. పట్టుచీర కొంగు గాలికి ఎగురుతుంటే బావి చుట్టూ మూడు సార్లు తిరిగి దూకుతుంది. నీళ్లలోంచి తామరపువ్వు లేస్తుంది. పాళెగాడు గుడి కట్టిస్తాడు.

అసహ్యం వేసి తెర మీంచి చూపు తిప్పేశాను.

బయ్యమ్మ పక్కన కూర్చుని గట్టిగా, “యాలమ్మా, ఇది యాల సచ్చింది?” అంది. ముందు వరసలో ఒకడు వెనక్కి తిరిగి, “సినిమా అవ్వా, ఊరికే ఉండు” అన్నాడు. “సినిమా అయితే? సచ్చేదానికి కారణం ఉండొద్దా?” అంది బయ్యమ్మ.

ఆగస్టు 18

నిద్ర సరిగా లేదు. ఆ తామరపువ్వు.

ఆగస్టు 19

మధ్యాహ్నం లైబ్రరీలో ఎవరూ లేరు. బయ్యమ్మను కూర్చోబెట్టి పుస్తకంలోని చివరి అధ్యాయం చదివి వినిపించాను. ఎందుకు చదివానో తెలియదు. అసలు కథ ఎలా ఉందో ఆమెకైనా తెలియాలని కావచ్చు.

“...పాళెగాని మాట. లేసి రా” దాకా చదివి, పుట తిప్పడానికి ఆగాను.

బయ్యమ్మ చీపురు ఒళ్లో పెట్టుకుని, “ఇంగేమంటాది? యాల, అంటాది” అంది.

పుట తిప్పకుండా ఆమె వైపు తిరిగాను.

“రాగులు పోసుకోని ఇసర్తా ఉండే మనిసి గదమ్మా. సచ్చేదుంటే యాల ఇసర్తాది, ఎవురు తినేదానికి? యుద్దం ఓడిపొయ్యింది వాడు. ఇది బాయిలో పడాలంట! నేనైనా అదే అంటాను. యాల? అంటాను. నువ్వు పడుపో, అంటాను.”

పుట తిప్పాను. అచ్చులో ‘ల’ ఉంది. ఆ ‘ల’ మీద పెన్సిలుతో ‘ళ’ అని దిద్ది ఉంది. లైబ్రరీ పుస్తకం మీద రాతలు రాయకూడదు అని గోడ మీద బోర్డు రాసింది నేనే.

బయ్యమ్మకు కాఫీ తాగమని చెప్పి పంపేశాను.

ఆగస్టు 20

ఆదెమ్మ చావలేదు.

పన్నెండుసార్లు చదివాను. పన్నెండుసార్లూ చంపాను.

ఆగస్టు 22

ఆలోచిస్తే, నాకు ఈ అనుమానం మొదటి నుంచీ ఎక్కడో ఉన్నట్టే ఉంది. లేకపోతే సినిమాలో ఆ చావు చూసి అంత అసహ్యం ఎందుకు వేస్తుంది? పుస్తకం గురించి తెలిసినదానినే కనుక వేసింది. పట్టీ సంగతి వేరు. అది మాటల పట్టీ. మాటకు రెండు అర్థాలుంటాయి. తెర మీదికి ఏది ఎక్కించాలో చూసుకోవలసింది తీసేవాళ్లు.

ఆయనకు అనుమానం వచ్చింది కదా. వచ్చినప్పుడు గట్టిగా నిలబడాలి కదా.

ఆగస్టు 25

మద్రాసు వారపత్రికలో ‘పాఠకుల విమర్శ’ అని ఒక పుట వేస్తారు. దానికి రాస్తున్నాను.

ఆగస్టు 29

రాశాను. నేను ఇంత బాగా రాయగలనని నాకు తెలియదు. ముఖ్యమైన భాగం ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను:

“నవల చివర ఆదెమ్మ అనేది ఒక్కటే మాట: ‘యాల’. చిత్తూరు జిల్లాలో పలక పట్టని పిల్లకైనా దీని అర్థం తెలుసు. ఎందుకు? అని. ఓడినవాడి పరువు కోసం నేనెందుకు చావాలి? అని. ఇసుర్రాయి ఆపకుండా అడిగింది. రెండు వందల పుటల మౌనానికి ఆ ఒక్క ప్రశ్న తాళంచెవి. సినిమా దాన్ని ‘వేళయింది’ చేసింది. ప్రశ్న అడిగిన మనిషిని బావిలోకి తోసి, పైన గుడి కట్టింది. ఇది అనుసరణ కాదు, హత్య. మాటల సాయానికి మన జిల్లావాడే అయిన శ్రీ కరుణాకర్‌ను పెట్టుకున్నారని విన్నాం. తన తల్లి నోట దినానికి నూరుసార్లు వినే మాటను ఆయన తెర మీద పోగొట్టారు.”

చివరి వాక్యం ఉంచాలా, తీసెయ్యాలా అని రెండు రోజులు ఆలోచించాను. వాక్యం బాగుంది. విమర్శలో మొహమాటాలు ఉండకూడదు. పెళ్లి సంగతికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

సెప్టెంబరు 1

పోస్టు చేశాను.

సెప్టెంబరు 27

అచ్చయింది. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఒక్క అక్షరం తియ్యలేదు. కింద ‘జి. ఎలిజబెత్, మదనపల్లె’ అని. అచ్చుతప్పు ఒక్కటీ లేదు.

నాన్న గుడి దగ్గర నలుగురికి చూపించారు. గ్లోరీ చదివి, పత్రిక మడిచి బల్ల మీద పెట్టింది. “అక్కా, నువ్వు ఆయనకి రాసిచ్చిన పట్టీలో ఈ మాట లేదా?” అంది.

“ఉంది.”

“ఏమని రాసినావు?”

నేను అన్నం వడ్డించుకోవడానికి లేచాను.

అక్టోబరు 15

ఉత్తరాలు పదకొండు వచ్చాయి. అనంతపురం నుంచి ఒక ప్రొఫెసరు రాశారు: “యాల అనే ఒక్క మాటతో నవల మొత్తం తెరిచి చూపారు.” ఇది చదివి చాలా సంతోషం వేసింది. తరవాత ఉత్తరాన్ని పుస్తకాల అడుగున పెట్టేశాను.

అక్టోబరు 23

గ్లోరీ చెప్పిన సంగతులు. కాలేజీలో ఆయన క్లాసుకు వెళ్లేసరికి బోర్డు మీద ‘వేళయింది’ అని రాసి పెడుతున్నారట. గంట కొట్టగానే వెనక బెంచీలవాళ్లు మూడుసార్లు అంటున్నారట, మూడు వైపుల నుంచి.

మద్రాసువాళ్లు రెండో సినిమాకు ఇంకెవరినో పెట్టుకున్నారు. “మీ ఊరి ఆడపిల్లే మీకు మాటలు రావని రాసింది కదా” అన్నారట.

నవంబరు 14

ఆయన పెళ్లి జరిగింది. మేము వెళ్లలేదు. నాన్నకు దగ్గు.

డిసెంబరు 6

పుంగనూరులో సాహితీ సమావేశం. నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడలేనని రాశాను. గ్లోరీ స్నేహితురాలి కోసం వెళ్లి, సాయంత్రం వచ్చి, చీర కూడా మార్చుకోకుండా నా ముందు కూర్చుంది.

“ఆయన వచ్చినాడక్కా. వెనక కూర్చోనుండాడు. అధ్యక్షుడు లేపి నిలబెట్టి, ‘నాయనా, యాలకు వేళ అని నీకు సెప్పిన మహానుబావుడెవురు?’ అని అడిగినాడు. అందరూ నవ్వినారు.”

“ఏమన్నారు?”

“‘ఎవురూ సెప్పలేదు సార్. నేనే అట్ల అనుకున్న్యాను’ అన్నాడు. కూర్చున్నాడు.”

గ్లోరీ చీర మార్చుకోవడానికి లేచి వెళ్లింది. ఏదైనా అంటే బాగుండేది.

1982 జనవరి 10

ఆయన కాలేజీ మానేశారు. కుప్పంలో హైస్కూలు పని. శాంతమ్మకూ అక్కడికే బదిలీ అయిందట.

పత్రికవాళ్లు ఇంకో సినిమాకు విమర్శ రాయమని అడిగారు.

జనవరి 31

మొదలుపెట్టాను. రాలేదు.

ఫిబ్రవరి 12

చివరికి రాశాను. సినిమా గురించి కాదు. పత్రికకు ఉత్తరం. అంతా ఉంది అందులో. పట్టీ నాది. అచ్చుతప్పు అన్నది నేను. శ్రీ కరుణాకర్ సరైన అర్థమే చెప్పారు, కాదన్నది నేను. నాకు అసలు అర్థం చెప్పింది లైబ్రరీలో పనిచేసే బయ్యమ్మ. విమర్శలో నేను దాన్ని నాదిగా రాసుకున్నాను. శ్రీ కరుణాకర్ ఇన్ని నెలలు నా కాగితాలు దగ్గర పెట్టుకుని కూడా ఎవరికీ చూపించలేదు. శ్రీ కరుణాకర్‌కు జరిగిన నష్టానికి నేనే కారణం. నా క్షమాపణ శ్రీ కరుణాకర్‌కు అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

మధ్యాహ్నం డబ్బాలో వేశాను. రేపు కుప్పం వెళ్లి ఆయనకు నేరుగా కూడా చెప్తాను.

చాలా కాలానికి ఒళ్లు తేలికగా ఉంది.

ఫిబ్రవరి 13, రాత్రి బస్సు దిగి వచ్చాక

ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి.

స్కూలు ఒంటిపూట. ఇల్లు స్టేషను వెనక. తలుపు తీసింది శాంతమ్మ. నన్ను ఎప్పుడూ చూడలేదు, అయినా పేరు చెప్పకముందే పోల్చుకుంది.

“రండి మేడం, కూర్చోండి. మా ఇంట్లో ఏమన్నా తప్పులుంటే ఇప్పుడే సెప్పేయండి. మళ్లా పేపర్లో సూసుకునేదాని కంటే అదే మేలు.”

“శాంతా” అన్నారు లోపలి నుంచి ఆయన.

“యాల, అనకూడదా? పోనీ, ఆ మాటకు అర్థమేమని మేడంనే అడిగినాక అంటానులే.” మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి వెళ్లింది. మజ్జిగలో ఉప్పూ అల్లమూ అన్నీ సరిగా ఉన్నాయి.

ఆయన చాప మీద పిల్లల కాంపోజిషన్లు దిద్దుతున్నారు. చిక్కిపోయారు. జేబులో ఒకటే పెన్ను.

దారి పొడుగునా కూడబలుక్కున్నది మొత్తం పోయింది. “ఆ తప్పు నాది” అన్నాను.

“తెలుసు గదా. కాయితాలు నాకాడే ఉండాయి.”

“మరి ఎందుకు చూపించలేదు?”

“సూపిస్తే ఏమయితాది మేడం? ఇప్పుడు, వానికేమీ తెలీదు అంటాండారు. అప్పుడు, ఎవురో రాసిచ్చింది సూసి రాసినాడు అంటారు. రెండింటికీ ఏమంత దూరం?” కొంచెం నవ్వారు. ఆ నవ్వు కుప్పం గుట్ట మీద “ఏయ్ యాసా” అన్నప్పటిదే. “నాకు ఆ మాట తెలుసు. మాయమ్మ మాట. మీరు కాదంటే, కాన్వెంటులో సదివినామె కాదంటాండాది, కాకనే ఉంటాదిలే అనుకున్న్యాను. తప్పు ఆడ ఉండాది. అది మీది కాదు, నాది. దాన్ని మీకియ్యను.”

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చవలసి వస్తుంది.

“ఇంగోటి సెప్పనా? మీరు సినిమా మొదట్నుంచీ సూసినారా?”

“బస్సు లేటయింది. పేర్లు పడడం అయిపోయాక వెళ్లాం.”

“అదే అనుకున్న్యాను. పేర్లలో నా పేరు లేదు. వెయ్యలేదు. గుర్రాలు తెచ్చినోని పేరుండాది, టీ కాసినోని పేరుండాది, నాది లేదు. నేను పనిచేసినానని ఒక్కరికీ తెలీదు, డైరెక్టరుకు తప్ప. మీరు పేపర్లో రాసినాకనే దేశానికి తెలిసింది.” కాంపోజిషను ఒకటి తీసి, దిద్దకుండానే కింద పెట్టారు. “సినిమాల్లో నా పేరు అచ్చులో పడాలని ఎన్నేండ్లుగానో ఉన్నింది. మీరే ఏసినారు.”

లోపల గిన్నె చప్పుడు ఆగింది. శాంతమ్మ వింటోంది.

“నేనేం చెయ్యాలి, చెప్పండి. ఏదైనా చేస్తాను.”

“ఏమీ వద్దు. ఇప్పుడిప్పుడే మర్చిపోతాండారు. ఈడ పిల్లోళ్లు నన్ను తెలుగు అయివారనే అంటారు, ఇంగో పేరు పెట్టలేదు. మళ్లా నా పేరు యాడా రాయొద్దండి. చెడ్డకు గానీ మంచికి గానీ. ఆ ఒక్కటి చేయండి, చాలు.”

“రాయను” అన్నాను.

“మాటా?”

“మాట.”

డబ్బాలో వేసిన ఉత్తరం గురించి అప్పుడే చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. శాంతమ్మ బయటికి వచ్చి, “బస్సు రెండున్నరకు ఉండాది మేడం, అది పోతే మళ్లా పొద్దుమునిగినాకే” అంది. లేచాను.

పలమనేరులో బస్సు మారుతుంటే లెక్కపెట్టుకున్నాను. ఉత్తరంలో ఆయన పేరు నాలుగు చోట్ల ఉంది.

ఫిబ్రవరి 14

గుడికి వెళ్లలేదు. తలనొప్పి అని చెప్పాను.

ఉత్తరం సోమవారానికి మద్రాసు చేరుతుంది. వచ్చే వారం అచ్చులో వస్తుంది. ప్రొఫెసర్లు చదువుతారు. కుప్పం హెడ్మాస్టరు చదువుతాడు. పిల్లలు చదువుతారు. ఆపాలంటే టెలిగ్రాం ఒక్కటే దారి. ఆపితే నా తప్పు బయటికి రాదు. ఆపకపోతే ఆయనకిచ్చిన మాట పోతుంది.

ఆయన పేరు లేకుండా ఉత్తరం తిరగరాసి పంపవచ్చు. పట్టీ నాది, తప్పు నాది, బయ్యమ్మ చెప్పింది, అని అంతవరకే. అలా రాసినా చదివేవాళ్లకు ఎవరి సంగతో తెలిసిపోతుంది. కనుక అది కూడా కుదరదు.

దీన్ని అన్ని వైపుల నుంచీ ఆలోచించాను. కుదరదు.

ఫిబ్రవరి 15

పోస్టాఫీసు తలుపు తీసేటప్పటికే నేను మెట్ల మీద ఉన్నాను. టెలిగ్రాం కాగితం మీద రాశాను: పన్నెండో తేదీ నా ఉత్తరం అచ్చు వేయవద్దు. ఎలిజబెత్.

గుమాస్తా చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. కాగితం కిటికీలోంచి తీసుకుంటూ, “ఏం పాపా, ఇంత పొద్దున్నే టెలిగ్రాం? ఎవురికన్నా బాగలేదా?” అన్నాడు.

“అందరూ బాగున్నారు.”

“అదే కావాల. టెలిగ్రాం అంటానే గుండె పట్టుకుంటాది” అని మాటలు లెక్కపెట్టుకుని లోపలికి వెళ్లాడు.

బయట కాసేపు నిలబడ్డాను. లోపల టకటక మొదలయ్యేదాకా.

ఆయన అడిగిన ఒక్కటీ చేశాను. ఆయన పేరు ఇక అచ్చులో రాదు. నా తప్పు కూడా రాదు, కానీ అది వేరే సంగతి. టెలిగ్రాం పంపింది ఆయన కోసమే.

ఆయన కోసమే పంపాను.